125 రోజులు సరే, అడిగితే పని ఇస్తారా? ఉపాధి హామీ పోయి కొత్త చట్టం రావడం మీద చర్చ

చిత్రావతి_గట్టు
2025 డిసెంబర్ 26, రాత్రి 9:14

అందరికీ నమస్తే. రెండేళ్ల నుంచి ఇక్కడ చదవడమే కానీ రాసింది లేదు, ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు. మాది అనంతపురం జిల్లా, మా అమ్మ 2006 నుంచి ఉపాధి పనికి పోతాంది. మా ఊర్లో ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటారు, ఎందుకంటే మాకు గవర్నమెంట్ పని అంటే కరువొచ్చిన ఏడు పెట్టేదే, పైవాళ్లకి దయ కలిగితే మొదలయ్యేది, వాన పడితే ఆగిపోయేది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లికి మన్మోహన్ సింగ్ వచ్చి దేశం మొత్తానికీ ఈ పథకం మొదలుపెట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా నాయన ఎవరిదో ట్రాక్టర్ ఎక్కి పోయొచ్చి రాత్రి అన్నం తింటా మా అమ్మతో చెప్పింది ఒక్కటే మాట, ఇంగ పని కోసం ఎవరికాడా అడుక్కోవాల్సిన పన్లేదంట, మనం అడిగితే వాళ్లు ఇయ్యాల్సిందేనంట, అని.

ఆ ఒక్క మాటే చట్టం అంతా. కాగితం మీద పని కావాలని రాసిస్తే 15 రోజుల్లో పని చూపించాలి, చూపించలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఈ నెల 21న రాష్ట్రపతి సంతకంతో ఆ చట్టం స్థానంలో వికసిత్ భారత్ జీ రామ్ జీ అని కొత్తది వచ్చింది. మా చుట్టాలంతా వాట్సాప్‌లో ఏడాదికి ఒక ఇంటికి వంద రోజులు ఉన్న పని 125 అయినాయి, మంచిదే కదా అని పెడతాన్నారు. నాకు రోజుల లెక్క కన్నా వేరే భయం ఉంది. ఇకమీద ఏ రాష్ట్రానికి ఎంత డబ్బు అనేది కేంద్రం ముందే ఒక లెక్క కట్టి ఇస్తుంది, దానికి మించి జనం పని అడిగితే ఆ ఖర్చు రాష్ట్రమే పెట్టుకోవాలి. అంటే ఎంతమంది అడిగితే అంత డబ్బు రావాల్సింది పోయి, వచ్చినంత డబ్బుకే పని అయింది. నేను తప్పు చదివినానేమో తెలిసినవాళ్లు చెప్పండి.


మాదాపూర్_మనిషి
డిసెంబర్ 26, రాత్రి 9:52

మీ బాధ అర్థమైంది అండి, కానీ రెండో వైపు కూడా చూడాలి. నేనూ పల్లెటూరి నుంచి వచ్చినవాడినే, మా ఊళ్లో ఉపాధి పని అంటే పొద్దున పదింటికి వెళ్లి చెట్టు కింద కూర్చుని పన్నెండింటికి రావడమే, నిరుడు తవ్విన గుంతనే మళ్లీ తవ్వడం, ఊళ్లో లేనివాళ్ల పేర్లు మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో ఉండటం, ఇవన్నీ కళ్లారా చూశాను. ఇరవై ఏళ్లలో లక్షల కోట్లు పెట్టారు, ఆ డబ్బుతో ఫ్యాక్టరీలు పెట్టి ఉంటే పర్మనెంట్ ఉద్యోగాలు వచ్చేవి కదా. కొత్త చట్టంలో పనులు నీటి భద్రత, రోడ్లు లాంటి మౌలిక వసతులు, జీవనోపాధి, వాతావరణ విపత్తులు అని నాలుగు రకాలుగా పెట్టారు, ఊరి ప్లాన్ ప్రకారం పని జరుగుతుంది, బయోమెట్రిక్ హాజరు ఉంటుంది. రాష్ట్రం కూడా ఖర్చులో 40 శాతం పెట్టుకుంటే సొంత డబ్బు కాబట్టి జాగ్రత్తగా ఖర్చు పెడుతుంది. ఇందులో తప్పేముంది? నిజంగానే అడుగుతున్నా.


నాగావళి
డిసెంబర్ 26, రాత్రి 10:31

మాదాపూర్ గారూ, నేను ఉమ్మడి రాష్ట్రంలో సోషల్ ఆడిట్‌లో విలేజ్ రిసోర్స్ పర్సన్‌గా చేశాను, శ్రీకాకుళం వైపు. కాబట్టి అవినీతి లేదని నేను చెప్పను, నా చేత్తోనే రాశాను ఎన్నో. చనిపోయిన మనిషి పేరు మీద ఆరు వారాలు మస్టర్ పడింది ఒకచోట, ఆ ఇంటికెళ్లి అడిగితే వాళ్లావిడ ఫోటో చూపించి ఏడ్చింది, ఆయన పోయి ఏడాది దాటింది అమ్మా అని.

కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఆ దొంగతనం మనకి తెలిసింది ఎలాగ? పాత ఉపాధి చట్టంలోనే 17వ సెక్షన్ ఉండబట్టి. గ్రామసభ లెక్కలు చూడొచ్చు అని చట్టమే చెప్పింది. ఊళ్లో కూలోళ్ల పిల్లలకే ట్రైనింగ్ ఇచ్చి, ఇంటింటికీ తిరిగి జాబ్ కార్డూ మస్టరూ పక్కపక్కన పెట్టి చదివి, టేపు పట్టుకుని గుంత కొలిచి, ఆఖరికి మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివేవాళ్లం. చదువు రాని ఆడమనిషి మైకు పట్టుకుని నా డబ్బు ఏమైంది అని ఆఫీసర్ని అడగడం నేను అక్కడే మొదటిసారి చూశాను. దీనికోసం మన ఉమ్మడి రాష్ట్రం 2009లో విడిగా ఒక సొసైటీనే పెట్టింది, వేరే రాష్ట్రాల వాళ్లు వచ్చి చూసి వెళ్లేవారు. రోడ్డు కాంట్రాక్టుల మీద అలాంటి ఆడిట్ మన ఊళ్లో ఎప్పుడైనా జరిగిందా? అక్కడ దొంగతనం లేక కాదు కదా బయటపడనిది, అడిగే దారి లేక.

ఇంకొకటి, పట్టుకున్నాం గానీ రికవరీ మాత్రం చాలా తక్కువ. అది మా అందరి మనసులో ఉన్న ముల్లు. ప్రజావేదికలో తప్పు ఒప్పుకున్నవాడే ఆర్నెల్లకి పక్క ఊళ్లో మళ్లీ కనపడేవాడు. సరిచేయాల్సింది అది.


కౌలు_రైతు_గోదారి
డిసెంబర్ 27, ఉదయం 6:08

పొద్దున్నే చదివాను అందరివీ. నేను ఏడెకరాలు కౌలుకి చేస్తున్నాను, సొంతం అరెకరం. నా మాట కాస్త కటువుగా ఉంటుంది ఏమనుకోకండి. నాట్ల టైముకి, కోతల టైముకి మనిషి దొరకడు. దొరికినా ఎకరానికి ఇంత అని ముఠా మేస్త్రీ చెప్పిందే రేటు. మినుము పీకడానికి మనుషుల్ని బతిమాలి ఆటో పెట్టి తీసుకొచ్చి టీ టిఫిను పెట్టి పంపాలి. అటు పక్కనే కాలవ గట్టు మీద ఉపాధి పని నడుస్తా ఉంటది. ఈ కొత్త చట్టంలో నాట్లూ కోతల సీజన్లో 60 రోజులు పని ఆపుతామన్నారు, అది నాకు మాత్రం మంచిదే అనిపించింది. కూలీ వాడు బతకాలి, కాదనను, మరి రైతు బతకొద్దా?


పాలమూరు_పోరడు
డిసెంబర్ 27, ఉదయం 8:40

అన్నా, మీ బాధ నిజమే గని ఒక మాట. పాలమూరు లేబర్ అని మీరు వినే ఉంటరు, దేశంల ఎక్కడ డ్యామ్ కట్టినా ఎక్కడ కాల్వ తవ్వినా మావోళ్లే. మా తాత బొంబాయిల పనిజేసిండు, మా నాయిన పుణెల. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తడు, ఆ అడ్వాన్స్ తీరే దాంక మనిషి ఆయన చేతుల్నే ఉంటడు. ఉపాధి పని వచ్చినంక వలస బందయింది అని అబద్ధం చెప్పను, ఇప్పటికీ పోతుండ్రు. గని మా అమ్మ లాంటోళ్లు, ముసలోళ్లు, చిన్నపిల్లల తల్లులు ఊర్లనే ఉండగలిగిండ్రు. పిల్లలు బడికి పోయిండ్రు. నేను డిగ్రీ జేసిన్నంటే మా అమ్మ ఊర్ల ఉన్నందుకే.

2020 ఎండాకాలం యాదికి చేస్కోండి. లాక్‌డౌన్ల సిటీలకెళ్లి మనుషులు మూటలు నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చిండ్రు కదా, అప్పుడు ఊర్ల ఏం పని ఉన్నది? ఉపాధి పనే. ఆ ఏడు దేశం మొత్తం మీద 389 కోట్ల పనిదినాలు అయినయ్, ఈ ఇరవై ఏండ్లల్ల అదే ఎక్కువ. సర్కారు బడ్జెట్ల పెట్టిన దానికంటె చాన ఎక్కువ ఖర్చయింది, లక్షా పది వేల కోట్ల దాంక. ఎందుకు పెట్టగలిగిండ్రు? అడిగినోళ్లందరికీ ఇయ్యాలె అని చట్టంల ఉండె గనక. గదే ముందుగల్నే లెక్క కట్టి ఇచ్చే పద్ధతి ఉంటే, మీ రాష్ట్రం వాటా అయిపోయింది, ఇగ మీరే చూస్కోండ్రి అంటుండె కేంద్రం. నడిచొచ్చినోడు ఎవర్ని అడగాలె?


లెక్కల_మాస్టారు
డిసెంబర్ 27, ఉదయం 10:15

చిత్రావతి గారూ, మీరు తప్పేం చదవలేదు, కరెక్టుగానే చదివారు. 40 శాతం రాష్ట్రం పెట్టుకుంటే తప్పేంటని మాదాపూర్ గారు అడిగారు, మంచి ప్రశ్న, దాన్ని కాస్త విడమర్చి చెప్తాను.

పాత చట్టంలో కూలి డబ్బులు మొత్తం కేంద్రానివి. సామగ్రి ఖర్చులో ముప్పావు వంతు కేంద్రం, పావు వంతు రాష్ట్రం. ఒక పనికి వంద రూపాయలు అయితే అందులో కూలి కనీసం అరవై ఉండాలి, సామగ్రి నలభై దాటకూడదు. ఆ నలభైలో పావు అంటే పది. అంటే రాష్ట్రం జేబులోంచి పోయేది మహా అయితే వందకి పది. ఇప్పుడు నలభై, ఈశాన్య రాష్ట్రాలకీ హిమాలయ రాష్ట్రాలకీ మాత్రం పదే. ఒక్కసారిగా నాలుగింతలు. అది కూడా కేంద్రం గీసిన గీత లోపల అయితేనే. గీత దాటితే వందకి వంద రాష్ట్రానిదే.

ఇప్పుడు మీరు రాష్ట్ర ఆర్థిక శాఖలో కూర్చున్నారనుకోండి. ఎండాకాలంలో ఎక్కువమంది పని అడిగిన కొద్దీ మీ ఖజానా మీద భారం. నిరుద్యోగ భృతి కొత్త చట్టంలోనూ ఉంది, దాన్ని తీసేశారని కొందరు రాస్తున్నది తప్పు, కానీ ఆ భృతి కూడా రాష్ట్రమే ఇవ్వాలి. అప్పుడేం చేస్తారు? అర్జీ తీసుకోకుండా పంపమని కిందికి నోటిమాటగా చెప్తారు. ఇప్పుడే చాలాచోట్ల అర్జీకి రసీదు ఇవ్వరు, రసీదు లేకపోతే పని అడిగినట్టే లెక్క లేదు, అడగకపోతే భృతి లేదు. రేపు అది ఇంకా గట్టిపడుతుంది. డబ్బున్న రాష్ట్రాలు ఎలాగో నెట్టుకొస్తాయి, పని ఎక్కువ అవసరమయ్యే పేద రాష్ట్రాలకే ఈ నలభై బరువు.

సొంత డబ్బు కాబట్టి జాగ్రత్త అనే వాదన వినడానికి బాగుంటుంది. మరి రాష్ట్రాల చేతిలో సొంత పన్ను ఎంత మిగిలింది? 2017లో జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను మీద సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం చాలావరకు పోయింది. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకి అంటారు, సెస్సులు, సర్‌చార్జీలు అందులోకి రావు, వాటిని పంచక్కర్లేదు. ఆదాయం ఢిల్లీకి, బాధ్యత రాష్ట్రానికి.


మాదాపూర్_మనిషి
డిసెంబర్ 27, మధ్యాహ్నం 12:20

మాస్టారూ, వందకి పది నుంచి వందకి నలభై అని నేను గమనించలేదు, థ్యాంక్స్. కానీ ఒక డౌట్. కేంద్రం దగ్గర మాత్రం డబ్బు ఊరికే వస్తుందా? అడిగినవాళ్లందరికీ అంటూ పోతే బడ్జెట్‌కి హద్దు ఉండదు కదా. మా జీతంలో ముప్పై శాతం టాక్స్ కట్ అవుతోంది, హైదరాబాద్‌లో రోడ్లు చూస్తే ఏడుపొస్తుంది.


లెక్కల_మాస్టారు
డిసెంబర్ 27, మధ్యాహ్నం 1:05

హద్దు ఉండదు అనుకుంటారు గానీ నిజంగా ఎంతవుతోందో చూడండి. 2024-25లోనూ 2025-26లోనూ బడ్జెట్‌లో దీనికి పెట్టింది 86 వేల కోట్లు. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కి, కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకి 15కి తగ్గించారు. దానివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే ఆ రోజు ప్రకటించింది. దాన్ని ఎవరూ ఉచితం అనలేదు, పెట్టుబడికి ప్రోత్సాహం అన్నారు. ఇటు ఎండలో గడ్డపార పట్టుకుని మట్టి తవ్వి తీసుకునే కూలిని మాత్రం టీవీ చర్చల్లో ఉచితాల లిస్టులో కలిపేస్తున్నారు. నాకు మండేది అక్కడే. అది కూలి అండీ, పని చేశాక ఇచ్చేది.

మీ పన్ను గురించి మీ కోపం న్యాయమైనదే, కాకపోతే మీ రోడ్డు డబ్బు పోయింది మట్టి తవ్వే ఆడవాళ్ల దగ్గరికి కాదు.


చిత్రావతి_గట్టు
డిసెంబర్ 27, సాయంత్రం 5:47

గోదారి అన్నకి ఒక మాట చెప్పాలని పొద్దుట్నుంచి అనుకుంటాండా, డ్యూటీలో కుదర్లేదు.

అన్నా మీరు మంచిగానే అడిగినారు. మా ఊర్లో పెద్ద రైతులు కూడా 2006లో ఇదే అన్నారు. అంతకుముందు మా అమ్మకి చెనిక్కాయలు పీకడానికి పోతే ఆడవాళ్ల కూలి అంటూ ఒకటి, మొగవాళ్ల కూలి అంటూ ఒకటి, రెంటికీ సగానికి సగం తేడా. సాయంత్రం ఆరైనా చెయ్యి కడుక్కోనిచ్చేవాళ్లు కాదు. ఎందుకు పోయేది? వేరే గతి లేక. కరువు పని వచ్చినాక ఆడా మొగా ఒకటే కూలి. మా అమ్మా వాళ్లు నోరు తెరిచి ఎవర్నీ తిట్టలేదు, ఊరికే ఒకరోజు చెనిక్కాయల పనికి పోకుండా కరువు పనికి పోయినారు, అంతే. మరుసటి వారానికి ఆడవాళ్ల కూలి పెరిగింది. మా అమ్మకి కూలి పెరగడం కన్నా, రేపు రా అక్కా అని రైతు వచ్చి వాకిట్లో నిలబడి పిలవడమే పెద్ద సంగతి.

60 రోజులు పని ఆపితే పోయేది అదే. అసలు పని ఎప్పుడు కావాలో ఎవరికి తెలుసు? మాకు వాన ఒక ఊర్లో పడి పక్క ఊర్లో పడదు. భూమి లేని ముసలామె, నడుం వంచలేని మనిషి, నాట్లకి పిలవని మనిషి ఆ 60 రోజులు ఏం తినాల? సీజన్ అని నోటిఫై చేసినంత మాత్రాన వాళ్లకి పని వస్తుందా?


పాలమూరు_పోరడు
డిసెంబర్ 27, రాత్రి 7:22

చిత్రావతి అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు.

ఇంకోటి, మా దిక్కు ఇప్పుడు వరి నాట్లు ఎవరేస్తుండ్రో తెల్సా? బీహార్, బెంగాల్ కూలీలు. రైలెక్కి వచ్చి గుంపులు గుంపులుగ ఎకరానికింత అని మాట్లాడుకొని ఏసి పోతుండ్రు. బెంగాల్ల అయితే 2022 మార్చిల కేంద్రం ఉపాధి పైసలు మొత్తానికే బంద్ జేసింది, అవినీతి అయింది అని. దొంగలెవరో పట్టుకొని లోపలెయ్యాలె గని రాష్ట్రంల ఉన్న కూలోళ్లందరి పైసలు మూడేండ్లు ఆపుడేంది? కలకత్తా హైకోర్టు 2025 జూన్ల చెప్పాల్సి వచ్చింది ఆగస్టు నుంచి మళ్ల మొదలుపెట్టున్రి అని, కేంద్రం సుప్రీంకోర్టుకి పోతే అక్కడ గూడ కొట్టేసిన్రు. ఆ కోర్టులల్ల నిలబడ్డది దేని మీద? పని హక్కు అని చట్టం ఉండె గనక. రేపు డబ్బంత ఢిల్లీ లెక్క ప్రకారమే అయితే ఏ కాగితం పట్టుకొని పోతరు?


కౌలు_రైతు_గోదారి
డిసెంబర్ 28, ఉదయం 5:50

చిత్రావతి అమ్మాయ్, నీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ పెళ్లికి ముందు కూలికెళ్లిన మనిషే. ఏమందంటే, మనకి కూలీ ఎక్కువైందని ఏడుస్తున్నాం గానీ కౌలు ఎంత కడుతున్నామో ఎప్పుడైనా ఏడ్చామా అంది. నిజమే. ఎకరానికి బస్తాలు ముందే కొలిచివ్వాలి, తుఫానుకి పంట పోయినా కౌలు పోదు. నష్టపరిహారం పడేది భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో. పీఎం కిసాన్ నాకు వచ్చేది నా అరెకరానికే. బ్యాంకులో పంట రుణం అడిగితే పాస్‌బుక్ ఎవరి పేరున ఉందని అడుగుతారు. ఎరువు రేటు, మందు రేటు, ధాన్యంలో తేమ పేరు చెప్పి కోత, ఇంతమంది పెద్దోళ్ల మీద గెలవలేక నాకు కనపడేది కూలోడే, ఎదురుగా ఉండేది ఆ మనిషే కాబట్టి.

అయినా మనిషి దొరకట్లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను, అదీ నిజమే. నేనడిగేది ఏంటంటే ఉపాధి కూలీలని చిన్న రైతు పొలం పనికి కూడా పంపొచ్చు కదా, కూలిలో కొంత ప్రభుత్వం, కొంత మేము పెట్టుకుంటాం. దీని గురించి మీలో ఎవరైనా చెప్పండి. పని ఆపేయడం కన్నా ఇది మేలు కదా?


నాగావళి
డిసెంబర్ 28, ఉదయం 9:11

గోదారి బాబాయ్, ఈ డిమాండ్ చాలా ఏళ్లుగా ఉంది. ఇందులో ఇబ్బంది ఏంటంటే చిన్న రైతుకని మొదలుపెడితే పదెకరాల ఆసామి ముందు వరసలో నిలబడతాడు, ఆయన పొలంలో ప్రభుత్వ డబ్బుతో పని. కానీ ఎస్సీ ఎస్టీ రైతుల, సన్నకారు రైతుల భూముల్లో పనులు పాత చట్టంలోనే ఉన్నాయి. పంట కుంటలు, గట్లు, పండ్ల తోటలకి గుంతలు, పశువుల షెడ్లు. మా వైపు జీడి తోటలు ఇలా వేసినవే ఎన్నో. కొండ మీద గిరిజన రైతు తన భూమిలో తనే కూలికి పనిచేసి ఆ భూమిని తోట చేసుకున్నాడు. గుంత తవ్వి పూడ్చారు అనేవాళ్లు ఒకసారి ఆ కొండలెక్కి చూడాలి. కౌలు రైతుకి మాత్రం ఇవేవీ అందవు, భూమి కాగితం లేదు కాబట్టి. అది నిజంగా పెద్ద లోటు, మీరూ కూలీలూ కలిసి అడగాల్సింది అది.

అయితే నేను పాత పథకం ఉన్నది ఉన్నట్టు బంగారం అని కూడా అనను. మనం దాన్ని కాపాడుకోవాలంటే దాంట్లో చచ్చిపోయిన భాగాలేవో కూడా చెప్పుకోవాలి. కూలి చూడండి, ఆంధ్రా, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ 2025-26లో 307 రూపాయలు. అది కూడా కొలతల ప్రకారం, నేల గట్టిగా ఉంటే అంత పడదు. 2009 నుంచి ఈ కూలికీ కనీస వేతనాల చట్టానికీ సంబంధం తెంచేశారు. వంద రోజులు అంటారు, దేశం మొత్తం సగటు చూస్తే ఒక కుటుంబానికి యాభై రోజులు పడటమే గగనం. వంద ఇవ్వనివాళ్లు 125 అని రాస్తే నేనెలా సంబరపడేది? యాభై రోజులు 307 చొప్పున అయితే 15,350. 125 అయితే 38,375. ఈ రెండు అంకెల మధ్య ఉన్నది బడ్జెట్, చట్టంలో రాసిన సంఖ్య కాదు.

ఇక ఫోన్ హాజరు. 2023 జనవరి నుంచి రోజుకి రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. కొండ మీద సిగ్నల్ ఉండదు, ఫోటో ఎక్కకపోతే ఆ రోజు కూలి లేదు. పొద్దున్నే అయిదింటికెళ్లి చల్లపూట పని ముగించుకుని వచ్చేసేవాళ్లు, రెండో ఫోటో కోసం ఎండలో కూర్చోవాలి. పోనీ దొంగతనం ఆగిందా? ఫోటోకి ఫోటో తీసి ఎక్కిస్తున్నారని, సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి లెటర్ రాసింది. దొంగకి దారి దొరికింది, కూలీకే దొరకలేదు. 2024 జనవరి నుంచి ఆధార్ పేమెంట్ తప్పనిసరి చేశాక పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోవడం. ఒకామె డబ్బు వేరే ఎవరి ఖాతాలోకో వెళ్లింది, ఆమెని బ్యాంకు వాళ్లు మండలానికి, మండలం వాళ్లు బ్యాంకుకి తిప్పారు, ఆటో ఖర్చులకే రెండు వారాల కూలి అయిపోయింది. కొత్త చట్టం ఈ బయోమెట్రిక్‌ని ఏకంగా చట్టంలోకే ఎక్కించింది.


పాలమూరు_పోరడు
డిసెంబర్ 28, ఉదయం 9:40

నాగావళి అక్కా మా అమ్మకి గూడ గట్లనే అయింది, ఏలిముద్ర పడ్తలేదు. ఇరవై ఏండ్లు గడ్డపార పట్టిన చేతులకు ఏలిముద్ర ఎట్ల పడ్తది?


లెక్కల_మాస్టారు
డిసెంబర్ 28, ఉదయం 11:30

కూలి పెరగడం గురించి చిత్రావతి గారు చెప్పింది ఒక్క ఊరి ముచ్చట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 157 మండలాల్లో ఉపాధి కూలీకి స్మార్ట్ కార్డులతో డబ్బు ఇచ్చే పద్ధతిని కొన్ని మండలాల్లో ముందు, కొన్నిట్లో తర్వాత పెట్టి ఏం మారిందో పెద్ద ఎత్తున పరిశీలించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు చేశారు. డబ్బు సరిగ్గా, త్వరగా అందిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం పెరిగింది, అందులో ఎక్కువ భాగం ఉపాధి కూలి నుంచి వచ్చింది కాదు, బయట పనుల్లో కూలి పెరగడం వల్ల వచ్చింది. బయట పని దొరకడం కూడా తగ్గలేదు. అంటే ఉపాధి పని సరిగ్గా నడిస్తే దానికి వెళ్లనివాళ్లకి కూడా లాభం. కూలీ చేతిలో డబ్బు ఉంటే అది ఊళ్లోనే కిరాణా కొట్లో, టైలరు దగ్గర ఖర్చవుతుంది కదా.

టెక్నాలజీ వద్దని నేను అననిది కూడా ఇందుకే. అదే టెక్నాలజీ కూలీకి డబ్బు చేర్చడానికి పెడితే ఒక ఫలితం, కూలీని అనుమానించడానికి పెడితే ఇంకో ఫలితం.

అసలు ఈ ఆలోచన పాతది కూడా. 1972-73 కరువులో మహారాష్ట్రలో లక్షలమంది రోడ్డు పనులకి వచ్చారు, ఆ అనుభవంతోనే వాళ్లు 1977లో ఉపాధి హామీ చట్టం చేసుకున్నారు, దానికోసం పట్నాల్లో ఉద్యోగుల మీద వృత్తి పన్ను వేశారు. పట్నం డబ్బు పల్లె పనికి వెళ్లాలని ఒక రాష్ట్రం యాభై ఏళ్ల కిందటే ఒప్పుకుంది. మాదాపూర్ గారు దీని గురించి ఒకసారి చదవండి, మీకు నచ్చుతుంది.


మాదాపూర్_మనిషి
డిసెంబర్ 28, మధ్యాహ్నం 2:02

చదువుతాను మాస్టారూ. నేను ఇంకా ఒక విషయంలో మీ అందరితో ఏకీభవించను, యాభై ఏళ్ల తర్వాత కూడా మనం గడ్డపార పనికే గ్యారంటీ ఇవ్వాల్సి రావడం దేశానికి మంచిది కాదు, మంచి బడి, మంచి ఉద్యోగం గ్యారంటీ కావాలి. 2015లో ప్రధాని లోక్‌సభలో కాంగ్రెస్ వాళ్లతో ఇది మీ వైఫల్యాలకి స్మారకం అన్నప్పుడు నేను చప్పట్లు కొట్టినవాడినే. కానీ ఈ రెండు రోజులు చదివాక ఒకటి ఒప్పుకుంటా, ఆ మంచి ఉద్యోగం వచ్చేదాకా ఆకలి ఆగదు, ఉన్నదాన్ని ముందు తీసేయడం కరెక్టు కాదు. గ్యారంటీ అని పేరులో పెట్టి నిధులకి గీత గీయడం అనేది ఏ కాంట్రాక్టులోనూ ఒప్పుకోని విషయం. మా క్లయింట్ అలా రాస్తే నేను సంతకం పెట్టను.


చిత్రావతి_గట్టు
డిసెంబర్ 28, రాత్రి 8:33

అన్నా మీరన్న మంచి బడి, మంచి ఉద్యోగం మాకూ కావాల. నేను నర్సింగ్ చేసినా, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నా. ఫీజు కట్టింది ఆ గడ్డపార పని డబ్బుతోనే.

ఇంకో విషయం అడగాల. కొత్త చట్టం ఎప్పట్నుంచి అమలో ఇంకా తేదీ చెప్పలేదు కదా, అంతవరకు పాత చట్టం ఉన్నట్టేనా? మా అమ్మావాళ్లకి నవంబర్ నుంచి పని లేదు, అడిగితే పథకమే పోయింది ఇంగేం పని అని చెప్పి పంపించినారంట.


లెక్కల_మాస్టారు
డిసెంబర్ 28, రాత్రి 8:50

అమల్లోకి వచ్చే తేదీ నోటిఫై చేసేదాకా పాతదే నడవాలి. నోటిమాటగా అడగొద్దు. తెల్ల కాగితం మీద తేదీ వేసి, జాబ్ కార్డు నంబర్లు రాసి, ఎన్ని రోజుల పని కావాలో రాసి, అందరూ సంతకాలో వేలిముద్రలో పెట్టి పంచాయతీలో ఇవ్వండి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో మండలానికి పంపండి. పోస్టు రసీదు జాగ్రత్త.


నాగావళి
డిసెంబర్ 28, రాత్రి 9:04

ఒక్కరిగా వెళ్లొద్దు అమ్మా, గుంపుగా వెళ్లమని చెప్పు. శ్రమశక్తి సంఘం, అదే మీ ఉపాధి కూలీల గ్రూపు, దాని పేరు మీద ఇస్తే ఇంకా మంచిది. జనవరి 26న గ్రామసభ ఉంటుంది, అక్కడ కూడా లేచి చదవమను, మినిట్స్‌లో రాయించుకోమను. ఫార్మాట్ కావాలంటే నేను టైప్ చేసి ఇక్కడే పెడతాను.


కౌలు_రైతు_గోదారి
డిసెంబర్ 28, రాత్రి 9:30

అమ్మా నాగావళి, ఆ ఫార్మాట్ పెట్టినప్పుడు కౌలు రైతు పొలంలో పంట కుంట కావాలని అడగడానికి కూడా ఒకటి పెట్టు. ఒప్పుకుంటారో లేదో తర్వాత సంగతి, గ్రామసభలో చదువుతాను.


చిత్రావతి_గట్టు
డిసెంబర్ 30, సాయంత్రం 6:18

అందరికీ చెప్పాలని వచ్చినా. నాగావళి అక్క ఇచ్చిన ఫార్మాట్ నేనే చేత్తో రాసి ఫోటో పంపిస్తే మా తమ్ముడు ప్రింట్ తీయించినాడు. ఈరోజు పొద్దున మా అమ్మతో కలిసి పదునాలుగు మంది ఆడవాళ్లు పంచాయతీకి పోయినారు. ముందు తీసుకునేది లేదన్నారంట, రసీదు ఇచ్చేదాకా మేము ఈన్నే కూచ్చుంటామని మెట్ల మీద కూచ్చున్నారు, మధ్యాహ్నం రెండున్నరకి స్టాంపు వేసి ఇచ్చినారు. రసీదు ఫోటో మా అమ్మ పంపింది, తేదీ స్పష్టంగా ఉంది. జనవరి 14కి పదిహేను రోజులు.